ఎల్డన్ వాళ్ళు లీగ్ మారిన ఏడాది

ఆ సెప్టెంబరులో మా ఇంట్లో దేవుడి దీపం కంటే ముందు మా ఆయన ఫోను వెలిగేది. పళ్ళు తోముకునేటప్పుడు కూడా దాన్ని సింకు పక్కన నిలబెట్టుకుని వినేవాడు. అందులో ఇద్దరు అమెరికన్లు, ఏ యూనివర్సిటీ ఏ లీగ్‌లోకి దూకుతుందో, ఎవరు ఎవర్ని వదిలేస్తారో, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకున్నట్టు గంటల తరబడి మాట్లాడుకునేవారు. మా ఆయన రామమోహన్ ఇరవయ్యేళ్ళుగా మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నా ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ ఆట కూడా చివరిదాకా చూసిన మనిషి కాదు. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వారాంతం వస్తే పెరట్లో టమాటా మొక్కలకు నీళ్ళు పోసుకునేవాడు. ఆ ఏడాది టమాటాలు ఎండిపోయాయి.

"రాధా, ఎల్డన్ యూనివర్సిటీ ప్రెసిడెంట్ విమానం నిన్న డాలస్‌లో ల్యాండ్ అయిందట" అన్నాడు ఒకరోజు నోటినిండా నురగతో.

"అయితే ఏంటండీ?"

"కాంటినెంటల్ లీగ్ వాళ్ళ హెడ్ ఆఫీస్ డాలస్‌లోనే కదా. ఊరికే ఎందుకు వెళ్తాడు?"

"ఆయనకక్కడ కూతురో కోడలో ఉండుంటుంది. ముందు నోరు కడుక్కోండి" అన్నాను. అన్నానే గానీ, ఆయన అటు తిరగ్గానే నేనూ ఫోనులో ఆ వార్త వెతికాను.

అమెరికాలో యూనివర్సిటీలు ఆటల కోసం పదీ పన్నెండూ కలిసి ఒక లీగ్ కట్టుకుంటాయి. వాటిలో వాటికే పోటీలు. ఎప్పటినుంచో ఉన్న ఈ ఏర్పాటు ఈ మధ్య చెల్లాచెదురైంది. ఫుట్‌బాల్‌కి టీవీ వాళ్ళు ఎక్కడ ఎక్కువిస్తే ఆ లీగ్‌లోకి ఒక్కో యూనివర్సిటీ జారుకోవడం మొదలుపెట్టింది. ఫుట్‌బాల్ ఎటు పోతే మిగతా ఆటలూ మూటాముల్లె సర్దుకుని దాని వెనకాలే పోవాలి. ఇదంతా నాకూ ఆ ఏడాదే తెలిసింది. మా హంసిక ఎల్డన్ స్టేట్‌లో టెన్నిస్ ఆడాలి మరి.

హంసిక మా ఒక్కగానొక్క పిల్ల. అప్పుడు పన్నెండో తరగతి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో పొద్దుపోవడానికి రాకెట్ చేతికిస్తే, మళ్ళీ దాన్ని కింద పెట్టలేదు. జూలైలో ఒహాయోలోని ఎల్డన్ స్టేట్ కోచ్ దాని ఆట చూసి, వచ్చే ఏడాది మా జట్టులోకి వచ్చెయ్ అని పిలిచింది. అది నోటిమాటే, సంతకాలు నవంబరులో. ఆ నోటిమాట నమ్ముకుని హంసిక తనని పిలిచిన ఇంకో చిన్న కాలేజీకి, మిషిగన్‌లోనే ఉన్న హార్వెల్‌కి, రాలేనని చెప్పేసింది.

సెప్టెంబరు మొదట్లో ఎల్డన్ కోచ్ ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. ఇప్పుడున్న లేక్ స్టేట్స్ లీగ్‌లోనే ఉంటే జట్టులో పదిమంది ఉంటారు, హంసిక చోటుకి ఢోకా లేదు. కాంటినెంటల్‌కి వెళ్తే ప్రయాణాలు పెరుగుతాయి కాబట్టి ఎనిమిది మందికే కుదించమంటున్నారు, అప్పుడు తను మాట ఇవ్వలేదు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదు.

ఆఫీసు అవగానే హంసికని ప్రాక్టీసుకి దింపడం నా పని. గ్రాండ్ రివర్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఒకసారి కిటికీలోంచి బయటకి చూస్తూ అంది.

"అమ్మా, నాన్నకి చెప్పు, ఆ పోడ్‌కాస్ట్ ఇంట్లో పెట్టొద్దని. ప్లీజ్."

"నీకోసమే కదే వింటున్నాడు."

"నో అమ్మా. నాన్న స్కేర్ అయ్యి వింటున్నాడు. నాకూ స్కేరీగానే ఉంది. కానీ బాల్ కొడితే నాకు తగ్గుతుంది. నాన్నకి కొట్టడానికి ఏం లేదు కదా."

నేను పకపకా నవ్వాను. అది నవ్వలేదు.

సెప్టెంబరు చివర్లో, ఒక వారాంతం వచ్చి క్యాంపస్ చూసి వెళ్ళమని కోచ్ రాసింది. ఖర్చులు మీవే, దగ్గర్లో ఈ హోటళ్ళున్నాయి, యూనివర్సిటీ ఆటలకి విరాళాలిచ్చే దాతలెవరి దగ్గరా ఏమీ తీసుకోకండి, అని మరీ మరీ రాసింది. మా ఆయన చదివి, "మనకెవరిస్తారు కార్లూ బంగళాలూ" అని నవ్వేశాడు. నవ్వి, మనవాళ్ళందరూ చేసే పనే చేశాడు. ఎల్డన్‌లో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వాట్సాప్ గ్రూపులో అడిగాడు. టీ తాగేలోపు న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో నుంచి ఎవరో ఒక నంబరు పంపారు. డాక్టర్ రాజగోపాల్ గారు, గుండె డాక్టరు, రిటైరయ్యారు, యాభై ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటున్నారు.

ఫోన్ చేస్తే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "హోటలేంటయ్యా? తెలుగువాడివై ఉండి నా ఊరొచ్చి హోటల్లో దిగుతావా? మా కామేశ్వరి ఊరుకుంటుందా?"

"కోచ్ హోటల్ లిస్ట్ పంపింది కదా, నాన్నా" అంది హంసిక.

"మనవాళ్ళ ఇల్లుండగా హోటలేంటే" అన్నాడు మా ఆయన. వాళ్ళెవరో మాకు ముందురోజు దాకా తెలియదన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం సాయంత్రానికి చేరాం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నెత్తిన ఎల్డన్ ఊదారంగు టోపీతో వాకిట్లో నిలబడి ఎదురుచూస్తున్నారు. లోపలికి అడుగుపెట్టగానే గోంగూర పోపు వాసన. కామేశ్వరి గారు నన్ను చూస్తూనే, "రా అమ్మా, ముందు కాళ్ళు చాపుకుని కూర్చో, ఎంత దూరం నుంచి వచ్చారో" అన్నారు. ఆ ఒక్క మాటకి నెలరోజుల ఆదుర్దా కాస్త వదిలినట్టయింది నాకు. పీట వేసి కూర్చోబెట్టడమొకటే తక్కువ. గుత్తివంకాయ మూడుసార్లు వడ్డించారు.

డాక్టరు గారి బాధ వేరు. ఎల్డన్ లీగ్ మారడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు.

"యాభై ఏళ్ళుగా నవంబరు ఆఖరి శనివారం వెస్ట్‌ఫోర్డ్ వాళ్ళతో ఆట. మేం ఓడితే ఊరంతా వారం రోజులు అన్నం తినేది కాదు. ఇప్పుడా లీగ్‌లోకి పోయి ఎవరితో ఆడతారయ్యా? కాలిఫోర్నియా వాళ్ళతో! వాళ్ళ మీద గెలిస్తే ఎవడికి సంతోషం, ఓడితే ఎవడికి ఏడుపు?"

"మరి ఆపలేరాండీ?" అన్నాడు మా ఆయన ఆశగా.

"నావల్ల ఎక్కడవుతుంది? కానీ మన అమ్మాయి సంగతి వేరు. ఆటల డైరెక్టర్ నాకు బాగా తెలుసు. ఒక మాట చెప్తాలే."

మా ఆయన మొహం మతాబాలా వెలిగింది. హంసిక పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కోచ్ మమ్మల్ని ఇండోర్ టెన్నిస్ బిల్డింగ్ అంతా తిప్పి చూపించింది. మూడో కోర్టు గోడ మీద ఇత్తడి పలక. దాని మీద 'రాజగోపాల్, కామేశ్వరి కుటుంబం కానుక' అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. మా ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయాడు. "చూశావా రాధా, మనవాళ్ళు!" అని పలక పక్కన నిలబడి సెల్ఫీ దిగి, అక్కడికక్కడే వాట్సాప్‌లో పెట్టేశాడు. అదృష్టమో దురదృష్టమో, కోచ్ అప్పుడు అవతలి కోర్టులో ఎవరితోనో మాట్లాడుతోంది. హంసిక ఆ పలకని చూసింది, వాళ్ళ నాన్నని చూసింది. దాని మొహంలో రంగు మారింది.

"అమ్మా, వాళ్ళు డోనర్స్" అంది నా చెవిలో.

"అయితే?"

"మనం వాళ్ళింట్లో ఉన్నాం."

"అన్నం తినడం కూడా తీసుకోవడమేనా? నీదంతా మరీ చాదస్తం" అన్నాను. నిజంగానే నాకలాగే తోచింది. కారు తీసుకోవడం తప్పు, గుత్తివంకాయ తప్పెలా అవుతుంది?

ఆదివారం బయల్దేరేముందు కామేశ్వరి గారు హంసికని దేవుడి ముందు కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పళ్ళెంలో పళ్ళూ తమలపాకులతో పట్టు లెహెంగా పెట్టి ఇచ్చారు. ఆకుపచ్చ మీద మామిడిపిందెల అంచు. హంసిక చేతులు చాపకుండా నా వైపు చూసింది. బొట్టు పెట్టి ఇచ్చిన బట్టలు కాదంటే ఆవిడ మనసెంత నొచ్చుకుంటుంది? తీసుకో, అని కళ్ళతోనే చెప్పాను. అది తీసుకుని, వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

అక్టోబరు మధ్యలో అనుకున్నంతా అయింది. ఆఫీసులో మీటింగులో ఉంటే మా ఆయన ఫోను. "వెళ్ళిపోతున్నారు" అన్నాడు, అంతే. సాయంత్రం టీవీలో ఎల్డన్ ప్రెసిడెంట్ నవ్వుతూ కాంటినెంటల్ వాళ్ళ జెండా పట్టుకుని ఫొటోలు దిగుతున్నాడు. చరిత్రాత్మకమైన రోజు అంటున్నాడు. హంసిక కాసేపు నిలబడి చూసి, "ఓకే" అని పైకి వెళ్ళిపోయింది. దాని గది తలుపు దగ్గర నిలబడ్డాను గానీ తట్టడానికి ధైర్యం చాల్లేదు.

రెండు వారాలు కోచ్ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోను మోగితే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం, అది ఎవరో కారు ఇన్సూరెన్స్ అమ్ముకునేవాడయ్యేవాడు. చివరికొక సాయంత్రం ఆవిడే చేసింది. ఎనిమిది మందిలో హంసికకి చోటుంది, అంది.

మా ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేశాడు. "చెప్పాను కదయ్యా, మాట చెప్తానని" అన్నారు ఆయన స్పీకర్లో, గొంతులో గర్వం దాచుకోకుండా.

హంసిక నవ్వు సగంలో ఆగింది. "నాన్నా, నా ఆట చూసి తీసుకున్నారా, అంకుల్ చెప్తే తీసుకున్నారా?"

"ఏదైతే ఏంట్రా కన్నా, వచ్చింది కదా."

అది మళ్ళీ నవ్వలేదు.

ఆ సంతోషం పట్టుమని వారం కూడా నిలవలేదు. సంతకాల ముందు యూనివర్సిటీలో నిబంధనలు చూసే ఆఫీసువాళ్ళు కొత్త పిల్లల కుటుంబాలతో వీడియో కాల్‌లో మాట్లాడతారట. కోచ్ చెబుతూ చెబుతూ, "డాక్టర్ రాజగోపాల్ మీ గురించి చాలా గొప్పగా చెప్పారట, ఆయన మీకెలా తెలుసో అడగొచ్చు" అంది. మామూలుగానే చెప్పింది. కానీ ఆ సాయంత్రం మా ఆయన నిబంధనలన్నీ కూర్చుని చదివాడు. చదివి లేచేసరికి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంట్లో ఉండకూడదట, రాధా. భోజనం కూడా లెక్కేనట. బట్టలు సరేసరి."

డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయనా కంగారుపడ్డారు. "ఏటా ఒక కాగితం పంపిస్తారయ్యా, చదవకుండా పక్కన పడేస్తుంటాను. మన పిల్లకి అన్నం పెట్టడానికి కూడా రూల్సుంటాయని నేనెక్కడ కలగన్నాను?"

మా ఆయన హాల్లో అటూ ఇటూ తిరిగాడు. "చుట్టాలైతే తప్పులేదట, రూల్‌లోనే ఉంది. మా పెద్దమ్మ తరఫు అని చెప్దామా?"

"ఏ పెద్దమ్మ?" అన్నాను.

"ఎవరో ఒక పెద్దమ్మ! వద్దులే, పెద్దమ్మ అంటే ఇంకా అడుగుతారు. హోటల్లో దిగామని చెప్దాం. ఒక్క మాటతో పోతుంది. ఎవరు చూడొచ్చారు?"

నేను వద్దనలేదు. హంసిక మెట్ల మీద కూర్చుని ఉంది. "నాన్నా, మనం సారీ చెప్పి నిజం చెప్పేస్తే?" అంది.

"నీకేం తెలీదు, నువ్వు ఊరుకో. కొత్త లీగ్‌లోకి పోతూ వాళ్ళసలే చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడుతున్నారు. నేను మాట్లాడతాను, నువ్వు నవ్వుతూ కూర్చో, చాలు."

కాల్ వచ్చినప్పుడు డైనింగ్ టేబుల్ ముందు ముగ్గురం వరసగా కూర్చున్నాం. తెర మీద నడివయసు ఆవిడ, మర్యాదస్తురాలు. క్యాంపస్ నచ్చిందా, చలెలా ఉంది, అని అడిగింది. తర్వాత, "ఆ వారాంతం మీరెక్కడ బస చేశారు?" అంది.

"హోటల్లో" అన్నాడు మా ఆయన.

"ఏ హోటల్?"

హైవే పక్కన మేము దాటొచ్చిన ఒక హోటల్ పేరు చెప్పాడు. ఆవిడ తలూపింది. ఆవిడ తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోతుంటే పక్కనుంచి హంసిక గొంతు వినిపించింది.

"అది కరెక్ట్ కాదండీ" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా. "మేము డాక్టర్ రాజగోపాల్ గారింట్లో ఉన్నాం. అక్కడే తిన్నాం. వచ్చేటప్పుడు వాళ్ళు నాకొక డ్రెస్ ఇచ్చారు. అంతకు ముందు వాళ్ళు మాకు తెలీదు. మా నాన్న భయపడి అలా అన్నారు."

ఆవిడ ఏదో రాసుకుంది. "థాంక్యూ, హంసికా" అంది. ఇంకో రెండు ప్రశ్నలడిగి, మళ్ళీ మాట్లాడతామని చెప్పి వెళ్ళిపోయింది. మా ఆయన లాప్‌టాప్ మూసి, లేచి, గ్యారేజీలోకి వెళ్ళాడు. నేను అన్నానికి పిలిచేదాకా అక్కడే ఉన్నాడు.

కోచ్ ఫోను సంతకాలకి రెండు రోజుల ముందు వచ్చింది. ఆ ఇంట్లో ఉండడం, భోజనం, లెహెంగా అన్నీ సరిదిద్దుకోదగ్గవేనట. వాటి ఖరీదు ఏదైనా సేవా సంస్థకి ఇచ్చేస్తే సరిపోయేదట. కానీ హోటల్ అన్న మాటే పైవాళ్ళకి మింగుడుపడలేదు. కొత్త లీగ్‌లోకి అడుగుపెడుతున్న ఏడాది ఏ గొడవా తలకెత్తుకోదలుచుకోలేదన్నారట. "ఐయామ్ సారీ. హంసిక అంటే నాకు చాలా గౌరవం" అంది ఆవిడ. స్పీకర్లో అందరం విన్నాం. మా ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరు గారిని కూడా ఏడాదిపాటు టెన్నిస్ జట్టు చాయలకి రావద్దన్నారట. "నా పేరున్న కోర్టులోకి నన్నే రానివ్వరటయ్యా" అని ఫోనులో నవ్వారు. నవ్వుతూనే ఆగి, "అమ్మాయికి ఎంత అన్యాయం చేశానయ్యా" అన్నారు. మీరేం చేశారండీ, అన్నాడు మా ఆయన. అది మాత్రం నిజంగా మనసులోంచి అన్నాడు.

హంసిక ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అదే పెద్ద శిక్ష అయింది. స్కూలుకి వెళ్తోంది, ప్రాక్టీసుకి వెళ్తోంది, వచ్చి తింటోంది. వాళ్ళ నాన్న అడిగితే అవుననో కాదనో చెప్పేది, అంతే. ఆయనా దాని మొహంలోకి చూసేవాడు కాదు. ఇద్దరికీ మధ్య నేను కూర గిన్నె జరుపుతూ, వాన గురించీ చలి గురించీ వాగుతూ ఉండేదాన్ని.

ఊరివాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. సెప్టెంబరు నుంచే మా ఆయన అందరికీ ఎల్డన్ ఎల్డన్ అని డప్పు కొట్టాడాయె. "లీగ్ మారింది కదండీ, ఎనిమిది మందికే కుదించారు, మనమ్మాయి చోటు పోయింది" అనేవాడు. ఆ మాట పచారీ కొట్లో విన్నాను, గుడి పార్కింగులో విన్నాను. అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు, పేపర్లన్నీ అదే గోల. మా స్నేహితుల పిల్లాడు అద్వైత్ పుట్టినరోజు పార్టీలో ప్లేట్లు పట్టుకుని నిలబడి, "అంతా టీవీ డబ్బండీ, మన పిల్లలు బలైపోతున్నారు" అని హంసిక క్లాస్‌మేట్ అవని వాళ్ళ నాన్న జాలిపడ్డాడు. "అంతే కదండీ" అన్నాడు మా ఆయన. హంసిక వెనకే నిలబడి వింది. చేతిలో బిర్యానీ ప్లేటు బల్లమీద పెట్టేసి, నా దగ్గర తాళాలు తీసుకుని, కార్లో వెళ్ళి కూర్చుంది.

పడుకోబోయే ముందు, "అది నన్ను అసహ్యించుకుంటోంది, రాధా" అన్నాడు మా ఆయన.

"అసహ్యం కాదండీ. చోటు పోయిందని కూడా కాదు. దాని తప్పూ కాదు, లీగ్ తప్పూ కాదు అని ఎవరైనా ఒక్కసారి అంటారేమోనని చూస్తోంది" అన్నాను. అనేశాక నాకే భయం వేసింది. ఆయన దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు.

హార్వెల్ కోచ్‌కి హంసిక తనంతట తనే రాసింది. మాకు చెప్పకుండానే. ఆయన శనివారం మాట్లాడతాననీ, తల్లిదండ్రులు కూడా ఉండాలనీ అన్నాడు. జట్టులో ఒక్క చోటే మిగిలి ఉంది, దానికోసం ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది. నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం అది. బయట ఆ ఏటి మొదటి మంచు పడుతోంది. అదే డైనింగ్ టేబుల్, ముగ్గురం, మధ్యలో స్పీకరు పెట్టిన ఫోను.

ఆయన కాస్త కరుకు మనిషి. సోది లేకుండా విషయానికొచ్చాడు. "వేసవిలో నువ్వు రానన్నావు. మర్యాదగానే చెప్పావు, నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు ఎల్డన్‌లో ఏమైంది?"

హంసిక నోరు తెరిచింది. "నేను చెప్తాను" అన్నాడు మా ఆయన.

నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఆయన ఏం చెబుతాడో నాకు కంఠతా వచ్చు. హంసిక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు కిటికీ వైపు తిప్పేసుకుంది.

"మేము క్యాంపస్ చూడ్డానికి వెళ్ళి ఒక దాత ఇంట్లో దిగాం" అన్నాడాయన. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మా అమ్మాయి హోటల్ అంది. నేనే వద్దన్నాను. వాళ్ళు మా భాషవాళ్ళు, అందుకని తప్పు కాదనుకున్నాను. తర్వాత యూనివర్సిటీవాళ్ళు అడిగితే హోటల్లో దిగామని అబద్ధం చెప్పాను. నేను చెప్పాను, హంసిక కాదు. అది అక్కడే, నా ముందే, నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు కాదు, నా అబద్ధానికి దాని చోటు పోయింది."

లైను తెగిపోయిందేమోనని ఫోను వైపు వంగి చూశాను.

"మీరిది చెప్పకుండా ఉండొచ్చు" అన్నాడు కోచ్ చివరికి. "లీగ్ మారిందంటే నేను నమ్మేవాణ్ణి."

"తెలుసండీ. మా ఊరందరికీ అదే చెప్పాను."

ఆయన ఊపిరి వదిలినట్టు వినిపించింది. "నేను ఆలోచించుకోవాలి. సోమవారం చెప్తాను." ఫోను పెట్టేశాడు.

మా ఆయన చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. హంసిక ఆయన వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆ కళ్ళు ఆయన మొహం మీద అలా నిలిచి ఎన్నాళ్ళయిందో.

"నాన్నా, ఆయన నో అంటే?"

"అంటే ఇంకో కాలేజీకి ఫోన్ చేద్దాం" అన్నాడు. "అక్కడ కూడా నేనే చెప్తాను."

హంసిక బల్ల మీద గీతల్ని వేలితో రుద్దింది. తర్వాత లేచొచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"అయితే ఈసారి స్లోగా చెప్పు, నాన్నా" అంది. "టెన్షన్‌లో నువ్వు చాలా ఫాస్ట్‌గా మాట్లాడేశావు."